నక్షా చదివిన మనిషి: మోక్షగుండం విశ్వేశ్వరయ్య

ఈ పాఠంలో మీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య జీవితాన్ని చదువుతారు. ఆయన పేరు మీరు వినే ఉంటారు. హైదరాబాదు వెళ్ళినవారు ఖైరతాబాదు చౌరస్తా దగ్గర ఆయన విగ్రహం చూసి ఉండవచ్చు. ఏటా సెప్టెంబర్ 15న మన దేశంలో ఇంజనీర్ల దినం జరుపుతారనీ, అది ఆయన పుట్టినరోజనీ కూడా మీకు తెలిసి ఉండవచ్చు. అయితే ఆయన పొందిన బిరుదులను వరుసగా చెప్పడం ఈ పాఠం ఉద్దేశం కాదు. ఆయన కట్టించిన పనులు ముందు కాగితం మీద ఎలా ఉండేవి, అలాంటి కాగితాన్ని మీరు ఎలా చదవాలి అనే రెండు సంగతులనూ ఆయన కథతో కలిపి చెబుతున్నాం.

ఎందుకు కలపాలి? ఈ పుస్తకం చదివేవారిలో పగలంతా పనికి వెళ్ళి, రాత్రి దీపం ముందు కూర్చునేవారు చాలామంది ఉన్నారు. రాయపూర్, భిలాయి ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల వారున్నారు. అక్కడ నవ రాయపూర్ కట్టడాల్లో పనిచేసేవారుండవచ్చు. అక్కడి పల్లెల నుంచి ఇటు హైదరాబాదుకు వచ్చి తెలుగు మేస్త్రీల పక్కన ఇటుకలు అందించే కూలీలూ ఉన్నారు. ఎక్కడైనా సైటులో ఒక్కటే నియమం. నక్షా చదవగలిగిన మేస్త్రీకి ఒక కూలి, చదవలేని మేస్త్రీకి ఇంకొక కూలి. చేతిపనిలో ఇద్దరూ సమానమే కావచ్చు. కానీ చదవలేనివాడు ఎవరో వచ్చి చెప్పేదాకా ఆగాలి. చెప్పినవాడు తప్పు చెబితే గోడ పగలగొట్టాలి, ఆ రోజు కూలి పోతుంది. అక్షరాలు నేర్చుకున్న మీకు గీతలు నేర్చుకోవడం కష్టం కాదు.

ఇక కథలోకి వెళదాం.

విశ్వేశ్వరయ్య 1861లో కర్ణాటకలోని చిక్కబళ్ళాపురం దగ్గర ముద్దెనహళ్ళి గ్రామంలో పుట్టాడు. తండ్రి శ్రీనివాస శాస్త్రి సంస్కృత పండితుడు. తల్లి పేరు వెంకటలక్ష్మమ్మ. ఆ కుటుంబం తెలుగువారిది. వారి పూర్వీకులు మన ఉమ్మడి ప్రకాశం జిల్లాలోని మోక్షగుండం గ్రామం నుంచి కొన్ని తరాల ముందు మైసూరు రాజ్యానికి వలస వెళ్ళారు. ఊరు మారినా ఊరి పేరు ఇంటిపేరుగా మిగిలింది. బతుకుతెరువు కోసం ఊరు విడిచిన కుటుంబాల వారికి ఇది కొత్త విషయం కాదు.

చదువుకునే వయసులోనే తండ్రి పోయాడు. చిక్కబళ్ళాపురంలో మొదటి చదువు పూర్తిచేసి, పై చదువుకు బెంగుళూరులోని మేనమామ ఇంటికి చేరాడు. చదువు ఖర్చు తానే సంపాదించుకోవాలి కనుక ఒక ఉద్యోగి ఇంట్లో పిల్లలకు పాఠాలు చెప్పేవాడు. రాత్రి అక్కడ పడుకోవడం, తిండికి మేనమామ ఇంటికి నడిచి రావడం, మళ్ళీ కాలేజీకి నడవడం, ఇదీ ఆయన దినచర్య. సెంట్రల్ కాలేజీలో 1881లో బి.ఏ. పూర్తయింది. అక్కడి ప్రిన్సిపాల్ చార్లెస్ వాటర్స్‌కు ఈ కుర్రవాడి లెక్కల తెలివి నచ్చింది. తరవాత మైసూరు ప్రభుత్వం ఇచ్చిన ఉపకారవేతనంతో పూనా సైన్సు కాలేజీలో ఇంజనీరింగులో చేరాడు. 1883లో జరిగిన పరీక్షల్లో బొంబాయి రాజధాని మొత్తానికి మొదటివాడుగా నిలిచాడు. మరుసటి సంవత్సరం బొంబాయి ప్రభుత్వ పబ్లిక్ వర్క్స్ శాఖలో అసిస్టెంటు ఇంజనీరు ఉద్యోగం వచ్చింది.

ఆ కాలపు కచేరీల్లో నక్షా తయారుచేయడమే పెద్ద పని. పల్చటి గుడ్డ మీద సిరాతో గీసేవారు. దాని నుంచి నకళ్ళు తీస్తే కాగితం నీలంగా, గీతలు తెల్లగా వచ్చేవి. బ్లూప్రింట్ అనే మాట అలా పుట్టింది. ఈనాడు కంప్యూటర్ మీద గీసి తెల్ల కాగితం మీద అచ్చు తీస్తున్నారు. రంగు మారింది కానీ చదివే పద్ధతి మారలేదు.

ఆ పద్ధతి ఇది. మీ ఇంటిని ఒకసారి ఊహించుకోండి. కిటికీ కింది అంచుకు కాస్త పైగా ఇంటి మొత్తాన్ని అడ్డంగా కోశారనుకోండి. పై భాగాన్ని ఎత్తి పక్కన పెట్టి, మీరు ఆకాశం నుంచి కిందికి చూస్తున్నారు. అప్పుడు కనిపించేదే ప్లాన్. కోతపడిన గోడలు మందపు గీతలుగా కనిపిస్తాయి. తలుపు దగ్గర గోడ తెగి, తలుపు తిరిగే దారి పావు వలయంలా గీసి ఉంటుంది. కిటికీ ఉన్నచోట గోడ మధ్యలో సన్నగీతలుంటాయి. తల పైన ఉన్న సన్‌షేడ్, బీమ్ వంటివి ఆ కోతకు పైన ఉంటాయి కనుక నిజానికి కనిపించకూడదు. అవి ఉన్నాయని తెలియడానికి చుక్కలు చుక్కలుగా గీస్తారు. చుక్కల గీతను గోడ అనుకుని ముగ్గు పోసినవారు ఉన్నారు. మీరు ఆ పొరపాటు చేయకండి.

ప్లాన్ చేతికి రాగానే గదులు వెతకవద్దు. ముందు కాగితం కుడివైపు కింది మూల చూడండి. అక్కడ పని పేరు, తేదీ, స్కేలు, ఎన్నోసారి మార్చిన నక్షానో రాసి ఉంటుంది. పాత నక్షా పట్టుకుని కొత్త పని చేస్తే ఎంత నైపుణ్యమున్నా వృథాయే. స్కేలు 1:100 అని ఉంటే కాగితం మీద 1 సెంటీమీటరు నేల మీద 1 మీటరు. అయితే స్కేలు తెలుసు కదా అని టేపుతో కాగితాన్ని కొలిచి కట్టడం మొదలుపెట్టకూడదు. జిరాక్సు తీసినప్పుడు కాగితం బొమ్మ కొద్దిగా పెరగవచ్చు, తగ్గవచ్చు. రాసిన అంకెనే నమ్మాలి. ఆ అంకెలు సాధారణంగా మిల్లీమీటర్లలో ఉంటాయి. 230 అంటే మీకు తెలిసిన తొమ్మిది అంగుళాల గోడ. 115 అంటే నాలుగున్నర అంగుళాల గోడ. గది లోపలి వెడల్పు 3000 అయితే, రెండు వైపులా 230 గోడలుంటే, ఒక గోడ మధ్య నుంచి ఇంకో గోడ మధ్యకు 3230 అవుతుంది. లోపలి కొలతా, మధ్య కొలతా అని చూసుకోకుండా దారం కట్టినందువల్ల ఎన్నో గదులు తొమ్మిది అంగుళాలు కురచైపోయాయి.

విశ్వేశ్వరయ్య ఉద్యోగంలో చేరిన కొత్తలో ఖాందేశ్ జిల్లాలో ఒక పని అప్పగించారు. పంజరా నదికి అడ్డంగా కాలువ నీటిని అవతలికి చేర్చాలి. వంతెన కట్టి పైనుంచి తీసుకుపోవచ్చు, లేదా గొట్టం వేసి నది అడుగు నుంచి తీసుకుపోవచ్చు. ఇక్కడ గొట్టం వేయాలని నిర్ణయమైంది. దీన్ని సైఫన్ అంటారు. వానలు మొదలయ్యాయి. నది పొంగి ఇసుక తెచ్చి తవ్విన చోటల్లా నింపేది. కొంతకాలం పని ఆపితే డబ్బు మిగులుతుందని కుర్ర ఇంజనీరు పై అధికారికి రాశాడు. అధికారికి అది నచ్చలేదు, అలసత్వమని భావించాడు. విశ్వేశ్వరయ్య వాదించకుండా మళ్ళీ పని మొదలుపెట్టి పూర్తిచేశాడు. ఆ సలహా సరైనదేనని మనకిప్పుడు అనిపిస్తుంది. కానీ ఇరవై మూడేళ్ళవాడి సలహాను ఏ కచేరీ అయినా అంత సులభంగా వినదు.

ఈ సైఫన్‌ను ప్లాన్‌లో చూస్తే ఏముంటుంది? నది గీతను కాలువ గీత దాటుతుంది, అంతే. పైనుంచి పోతోందా, కింది నుంచా అన్నది తెలియదు. దానికి సెక్షన్ కావాలి. గుమ్మడికాయను నిలువుగా కోసి గుజ్జు, గింజలు చూసినట్టు, కట్టడాన్ని నిలువుగా కోసి పక్క నుంచి చూస్తే వచ్చేదే సెక్షన్. అందులో నది అడుగు, దాని కింద గొట్టం, గొట్టం మీద ఎంత మట్టి, ఇవన్నీ ఒక్క చూపులో తెలుస్తాయి. కోత ఎక్కడ పెట్టారో ప్లాన్‌లో ఒక గీత గీసి, రెండు చివర్లా బాణాలూ ఒకే అక్షరమూ రాస్తారు. బాణం ఎటు చూపితే మీరు అటు చూస్తున్నారని అర్థం. ఇంటి నక్షాలోనూ ఇంతే. గది పొడవు వెడల్పులు ప్లాన్ చెబుతుంది. పునాది లోతు, స్లాబ్ మందం, మెట్ల ఎత్తు సెక్షన్ మాత్రమే చెబుతుంది. ఇంటి ముందు నిలబడి చూస్తే కనిపించే రూపం ఎలివేషన్. యజమాని ముందుగా చూసేది ఎలివేషన్, మేస్త్రీ ముందుగా చూడవలసింది సెక్షన్.

1894, 1895 సంవత్సరాల్లో విశ్వేశ్వరయ్య సింధు రాష్ట్రంలోని సుక్కూరులో మంచినీటి పథకం చేశాడు. సింధు నది నీరు బురదగా ఉండేది. వడకట్టే తొట్లు కట్టడానికి మునిసిపాలిటీ దగ్గర డబ్బు లేదు. నది పక్కన ఇసుకలోనే బావి తవ్వించి, ఇసుక గుండా ఊరి వచ్చిన తేట నీటిని పైకి తోడించాడు. ఏటి ఒడ్డున చెలమ తవ్వి నీళ్ళు పట్టుకున్న ఆడవాళ్ళెవరికైనా ఈ ఉపాయం తెలుసు. దాన్ని కొలతలతో కాగితం మీద పెట్టి, ఒక పట్నానికి సరిపడేలా చేయడం ఇంజనీరు పని.

ఆయనకు ఎక్కువ పేరు తెచ్చింది పూనా దగ్గరి ఖడక్‌వాస్లా చెరువు. అక్కడి ఆనకట్ట నిండాక ఏటా నీరు పైనుంచి పొర్లి వృథాగా పోయేది. ఆనకట్ట ఎత్తు పెంచితే ఖర్చు, పైగా పాత గోడకు ప్రమాదం. పొర్లుకట్ట మీద ఎనిమిది అడుగుల మేర అదనంగా నీరు నిలిపేలా ఆయన తలుపులు రూపొందించాడు. తలుపులకు గొలుసులతో బరువులు కట్టి ఉంటాయి. నీరు నిండు మట్టానికి చేరగానే బరువులు వేలాడే తొట్టిలోకి నీరు చేరి తూకం మారుతుంది. తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి. నీరు తగ్గితే వాటంతటవే మూసుకుంటాయి. రాత్రి వరద వస్తే నిద్రలేచి చక్రం తిప్పే మనిషి అక్కర్లేదు. 1903 నాటికి వీటిని అమర్చారు. తరవాత గ్వాలియర్‌లోని తిగ్రా ఆనకట్టకూ, మైసూరులో కృష్ణరాజ సాగరానికీ ఇవే వాడారు. దీనిపై పేటెంటు తీసుకున్నా, ప్రభుత్వోద్యోగిగా చేసిన పని కనుక రాయల్టీ తీసుకోలేదు.

రాయపూర్ వైపు ఉన్నవారు ఇలాంటిదే ఇంకొక ఉపాయం దగ్గరలోనే చూడవచ్చు. ధమ్తరి ప్రాంతంలో, మహానది ఉపనది అయిన సిలియారి మీద మాడమ్‌సిల్లి ఆనకట్ట ఉంది. దీన్ని 1914, 1923 మధ్య కట్టారు. అప్పుడు ధమ్తరి రాయపూర్ జిల్లాలోనే ఉండేది. ఇది విశ్వేశ్వరయ్య కట్టినది కాదు. కానీ ప్రశ్న అదే: నిండిన నీరు మనిషి చేయి పడకుండా ఎలా బయటికి పోవాలి? ఇక్కడ తలుపులకు బదులు వంపు తిరిగిన సైఫన్ దారులు పెట్టారు. నీరు ఒక మట్టం దాటితే ఆ వంపులు నిండి, నీటిని లాగి అవతల పోస్తాయి. డ్రమ్ములో నుంచి రబ్బరు గొట్టంతో నూనె లాగినట్టే. ముందు నుంచి చూస్తే మీకు వరుసగా ఉన్న నోళ్ళు మాత్రమే కనిపిస్తాయి. వంపు లోపల ఉంది, అది సెక్షన్‌లోనే కనబడుతుంది.

1906లో ఏడెన్ రేవు పట్నానికి వెళ్ళి నీటి, మురుగు పథకాలు సూచించాడు. 1908లో బొంబాయి ఉద్యోగం వదిలేశాడు. ఆ రోజుల్లో భారతీయుడు అక్కడ చీఫ్ ఇంజనీరు కావడం జరిగే పని కాదని ఆయనకు తెలుసు.

ఆ సంవత్సరమే సెప్టెంబర్ 28న హైదరాబాదులో మూసీ పొంగింది. సుమారు పదిహేను వేలమంది చనిపోయారని చెబుతారు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారు. నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యను పిలిచింది. ఆయన ఐరోపా పర్యటనలో ఉండి, తిరిగివచ్చి 1909లో పని చేపట్టాడు.

వరద వచ్చిన నగరంలో అందరూ నగరాన్నే చూస్తారు. ఆయన నగరం పైనున్న నేలను చూశాడు. వాన ఎక్కడెక్కడ ఎంత పడింది, ఏ వాగు ఎటు పారింది, ఏ చెరువు ఎప్పుడు తెగింది అని లెక్కలు సేకరించాడు. నగరానికి ఎగువన మూసీ, ఈసీ నదుల పరీవాహకంలో 788 చెరువులుంటే, వాటిలో 221 తెగిపోయినట్టు తేలింది. ఒక చెరువు తెగితే ఆ నీరు కింది చెరువు మీద పడుతుంది, అది తెగితే దాని కిందిది. గరిష్ఠ ప్రవాహం సెకనుకు సుమారు 4,25,000 ఘనపుటడుగులని ఆయన లెక్క. ఒడ్డుల వెంట గోడలు కట్టినంత మాత్రాన ఇంత నీరు ఆగదు. కనుక నగరానికి కొద్ది మైళ్ళ ఎగువన మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి జలాశయాలు కట్టి వరదను అక్కడే పట్టి, మెల్లగా వదలాలని సూచించాడు. అవే 1920లో పూర్తయిన ఉస్మాన్ సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్ సాగర్. కట్టడం ఇతర ఇంజనీర్ల చేతుల మీదుగా జరిగింది. నగరానికి మురుగు కాలువల పథకాన్ని కూడా ఆయన తయారుచేశాడు.

ఈ రెండు చెరువుల సాయంతో నక్షాలో అన్నిటికన్నా చిక్కైన విషయం నేర్చుకుందాం. అది లెవెల్. ఉస్మాన్ సాగర్ పూర్తి నీటిమట్టం 1790 అడుగులని, హిమాయత్ సాగర్‌ది 1763.50 అడుగులని వానాకాలంలో పత్రికల్లో చదువుతారు. చెరువు 1790 అడుగుల లోతుంటుందా? ఉండదు. సముద్ర మట్టం నుంచి కొలిస్తే నీటి పైభాగం అంత ఎత్తున ఉందని అర్థం. రెంటినీ ఒకే సున్నా నుంచి కొలిచారు కనుక పోల్చవచ్చు. ఉస్మాన్ సాగర్ నీరు హిమాయత్ సాగర్ నీటికన్నా 26.5 అడుగుల ఎత్తున ఉంది. అదే కృష్ణరాజ సాగరం నిండితే పత్రికలు 124.80 అడుగులని రాస్తాయి. అక్కడ సున్నాను సముద్రం దగ్గర పెట్టలేదు, ఆనకట్ట దగ్గరే పెట్టుకున్నారు. కాబట్టి ఏ నక్షాలోనైనా ముందు సున్నా ఎక్కడుందో వెతకండి.

ఇంటి నక్షాలో సాధారణంగా కింది అంతస్తు నేలను సున్నాగా పెట్టుకుంటారు. బయట నేల దగ్గర మైనస్ 450 అని ఉంటే, వాకిలి గడప నుంచి బయటి నేల 450 మిల్లీమీటర్లు, అంటే ఒకటిన్నర అడుగు కిందికి ఉందన్నమాట. మెట్టు ఎత్తు 150 అయితే మూడు మెట్లు రావాలి. పై అంతస్తు నేల దగ్గర ప్లస్ 3150 అని ఉంటే, 150 ఎత్తు చొప్పున ఇరవై ఒక్క మెట్టు ఎక్కాలి. లెక్క కుదరకపోతే కట్టకముందే ఇంజనీరును అడగండి. అడగడం చిన్నతనం కాదు, కట్టాక పగలగొట్టడమే నష్టం. ఈ సున్నాను నీళ్ళ గొట్టంతో ప్రతి పిల్లరు మీదికీ తీసుకుపోయి గుర్తు పెట్టడం మీలో చాలామందికి చేతనైన పనే. ఇప్పుడు ఆ గుర్తుకు కాగితం మీద పేరు తెలిసింది.

మూసీ విషయంలో ఒక మాట చెప్పుకోవాలి. వరదను పట్టడానికి కట్టిన చెరువులో కాస్త చోటు ఖాళీగా ఉండాలి. చెరువును అంచుదాకా నింపి ఉంచితే తాగునీరు దొరుకుతుంది కానీ, వచ్చే వరదకు చోటుండదు. 2020 అక్టోబరులో కుండపోత వానలకు హిమాయత్ సాగర్ తలుపులు తెరవవలసి వచ్చింది. నది నేలలో ఇళ్ళు కట్టుకున్న పేదలు ముందుగా మునిగేది అప్పుడే.

1909 నవంబరులో విశ్వేశ్వరయ్య మైసూరు చీఫ్ ఇంజనీరయ్యాడు. కావేరి మీద కన్నంబాడి దగ్గర ఆనకట్ట పని 1911లో మొదలైంది. ఇదే కృష్ణరాజ సాగరం. దిగువనున్న మద్రాసు ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. మైసూరు కోరింది 124 అడుగుల ఎత్తు. అనుమతి వచ్చింది 80 అడుగులకు. అయితే పునాదిని మాత్రం పూర్తి ఎత్తుకు సరిపడేటంత వెడల్పుగానే వేశారు. మద్రాసు ఇంజనీర్లు దానిని గమనించారు, మళ్ళీ అభ్యంతరం చెప్పారు. పునాది సెక్షన్ చూడగలిగినవాడికి కట్టేవాడి మనసులో మాట తెలిసిపోతుంది. ఈ సంగతి మీకూ పనికివస్తుంది. ఒక అంతస్తు ఇల్లని చెప్పి ఫుటింగు పెద్దదిగా, పిల్లరు చువ్వలు మందంగా చూపితే యజమాని పైన ఇంకా వేయాలనుకుంటున్నాడన్నమాట. దీనికి తలకిందులైన సందర్భం ప్రమాదకరం. ఒక అంతస్తుకు వేసిన పునాది మీద మూడు అంతస్తులు లేపమంటే, పాత నక్షా అడగకుండా ఇటుక పెట్టవద్దు. కింద పనిచేసేది మీరే.

రెండు రాష్ట్రాల తగవు 1924 ఒప్పందం దాకా సాగింది, ఆ తరవాత కూడా వేరే రూపాల్లో సాగింది. ఆనకట్టను సిమెంటుతో కాక, ఇటుక పొడి, సున్నం కలిపిన సుర్కీ గచ్చుతో కట్టారు. వేలాదిమంది కూలీలు రాత్రి దీపాల వెలుగులో కూడా పనిచేశారు. కన్నంబాడి ఊరు నీటిలో మునిగింది. పని పూర్తికావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. అప్పటికి విశ్వేశ్వరయ్య ఉద్యోగంలో లేడు.

1912 నుంచి 1918 వరకు ఆయన మైసూరు దివాను. 1913లో ప్రాథమిక విద్యా చట్టం వచ్చింది, మైసూరు బ్యాంకు మొదలైంది. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం, మరుసటి సంవత్సరం బెంగుళూరులో ఇంజనీరింగు కాలేజీ ఏర్పడ్డాయి. ఆయన హయాంలో బడులు సుమారు 4,500 నుంచి 10,500కు పెరిగాయి. ఉద్యోగాల్లో వెనుకబడిన కులాలకు వాటా కల్పించే విషయంలో మాత్రం మహారాజుతో ఆయనకు భేదం వచ్చింది. ప్రతిభ ఒక్కటే చూడాలన్నది ఆయన పట్టు. బడి తలుపే తెరుచుకోని ఇళ్ళవారు వాటా అడగడంలో న్యాయం ఉంది, ఆ న్యాయాన్ని ఆయన పూర్తిగా చూడలేకపోయాడనే చెప్పాలి. 1918లో దివాను పదవి నుంచి తప్పుకోవడానికి ఇది ముఖ్య కారణం.

ఆ తరవాత 1923 నుంచి 1929 దాకా భద్రావతి ఇనుప కర్మాగారాన్ని నష్టాల్లోంచి లాగడానికి కష్టపడ్డాడు. అందుకు రావలసిన ప్రతిఫలాన్ని తాను తీసుకోకుండా, చేతిపనులు నేర్పే సంస్థకు ఇవ్వమన్నాడు. 1943లో బెంగుళూరులో మొదలైన జయచామరాజేంద్ర వృత్తివిద్యా సంస్థ అదే. పెద్ద ఇంజనీర్లకు కాలేజీ పెట్టినవాడే, వారి గీతలు చదివి పనిచేసే మనుషులకూ బడి కావాలని తలచాడు. ఆయన గురించి కొవ్వొత్తుల కథ, రైలు పట్టాల కథ వంటివి చాలా ప్రచారంలో ఉన్నాయి. అవి మీరు ఎక్కడైనా వినవచ్చు, ఇక్కడ వదిలేద్దాం.

1955లో ఆయనకు భారతరత్న ఇచ్చారు. అంతకు మూడేళ్ళ ముందు, తొంభై దాటిన వయసులో, బీహారులో గంగ మీద వంతెన ఎక్కడ కట్టాలో తేల్చడానికి స్వయంగా వెళ్ళి నదిని చూసివచ్చాడు. మొకామా దగ్గర కట్టిన ఆ వంతెన 1959లో వాడుకలోకి వచ్చింది. నూరేళ్ళు నిండాక, 1962 ఏప్రిల్ 14న బెంగుళూరులో కన్నుమూశాడు. ముద్దెనహళ్ళిలో ఆయన సమాధి ఉంది.

చేసి చూడండి: మీరు ఉంటున్న గదిని టేపుతో కొలవండి. 1:50 స్కేలులో, అంటే 2 సెంటీమీటర్లకు 1 మీటరు చొప్పున, ప్లాన్ గీయండి. తలుపు ఎటు తెరుచుకుంటుందో, కిటికీ ఎక్కడుందో చూపండి. ప్లాన్ మీద ఒక కోత గీత పెట్టి, బాణాలు వేసి, దాని సెక్షన్ పక్కనే గీయండి. గది నేలను సున్నాగా తీసుకుని, వీధి నేల ఎంత కింద ఉందో, పైకప్పు ఎంత ఎత్తున ఉందో రాయండి. కుడివైపు కింది మూలలో స్కేలు, తేదీ, మీ పేరు రాసి, ఆ కాగితాన్ని వచ్చే సంపర్క తరగతికి తీసుకురండి.